గేమ్‌లో లేని మనిషి

హాలియాలో బ్రష్ పట్టి బతికిన రోజుల్లో నేను అన్నిటికంటే ఎక్కువగా కలిపిన రంగు మనిషి ఒంటి రంగు. తెల్ల పెయింటులో కాస్త పసుపు, దాని మీద నాలుగు చుక్కల ఎరుపు. విత్తనాల దుకాణం గోడ మీది రైతుకైనా, చీరల దుకాణం బోర్డు మీది ఆడమనిషికైనా, కుటుంబ నియంత్రణ గోడ మీది తల్లీతండ్రీ పిల్లలకైనా అదే కలుపు. నేను వేసే రైతు ఒక్క పూట కూడా పొలంలో దిగనట్టు గులాబీ బుగ్గలతో నవ్వుతుండేవాడు. నిచ్చెన మీద ఎండలో నిలబడి, టర్పెంటైన్ వాసనకు కళ్లు మండుతుంటే వాడికి బుగ్గలు దిద్దేవాణ్ణి. ఇంకో రంగు కావాలని ఎవరూ అడగలేదు. నాకూ అడగాలనిపించేంత ఓపిక ఉండేది కాదు. పని అయిపోతే చాలు, భుజం మీది బరువు దింపుకొని ఇంటికి పోతే చాలు.

మాది కోస్గి దగ్గర ఒక ఊరు. గొర్రెలు కాసే ఇంటివాళ్లం. వానలు సరిగ్గా పడని నేల కాబట్టి, ఎండాకాలం వచ్చేసరికి అక్కడ గొర్రెలకు మేత దొరకదు. మా నాయిన ఏటా మందను తోలుకొని సాగర్ కాలువ కింది పొలాలకు నడిచి వచ్చేవాడు. వరి కోసిన మళ్లలో మందను పడుకోబెడితే గొర్రెల ఎరువుకు బదులుగా ఆ రైతులు గింజలు ఇచ్చేవారు, గొర్రెలకు మేత దొరికేది. చిన్నప్పుడు నేనూ ఆయన వెంట నడిచాను. ఆ నడక నావల్ల కాలేదు. ఎనభైల్లో ఒక ఎండాకాలం ఆ కాలువ పక్కనున్న హాలియాలో ఒక బోర్డులు రాసే పెద్దాయన దగ్గర కూర్చున్నాను, మళ్లీ మందతో పోలేదు. నాయిన ఏమీ అనలేదు. ఆ తర్వాత ఏటా వచ్చినప్పుడు ఒకసారి నా ఇంటికొచ్చి, గడప దగ్గరే కూర్చొని, మంచినీళ్లు తాగి పోయేవాడు. మా ఊరి వైపు తండ్రిని నాయిన అనే పిలుస్తాం. హాలియాలో పుట్టిన నా బిడ్డకు మాత్రం నేను బాపును.

తొంభైల మధ్యలో మా బజారుకు వీడియో గేమ్ వచ్చింది. దుకాణం పెట్టినాయన అంతకుముందు సైకిళ్లు కిరాయికిచ్చేవాడు. ఊరంతా ఆయన్ను భాయ్ అనే పిలిచేది. సైకిళ్ల గిరాకీ తగ్గాక ఉన్నవి అమ్మేసి, హైదరాబాద్ నుంచి పాత యంత్రాలు రెండు లారీలో తెప్పించాడు. మనిషెత్తు చెక్క డబ్బా, దాని ఛాతీలో టీవీ, కింద ఒక పొట్టి హ్యాండిల్, గుండ్రటి బటన్లు. ఒకదాంట్లో విమానాలు కాల్చే ఆట. ఇంకోదాంట్లో కొట్లాట. పిల్లలంతా కొట్లాట డబ్బా చుట్టే మూగేవాళ్లు.

షట్టర్ మీద ఆ కొట్లాటగాళ్ల బొమ్మలు వెయ్యమని భాయ్ నన్ను పిలిచాడు. అప్పటికి ఒంటిపూట బడులు మొదలయ్యాయి. నా భార్య రైస్‌మిల్లు పనికి పోయేది కాబట్టి బడి విడిచాక బిడ్డ నా దగ్గరికే వచ్చేది. అప్పుడు తను మూడో తరగతి. నేను స్టూలు మీద కూర్చొని తెర చూసి పెన్సిల్‌తో గీసుకుంటుంటే, పక్కన నిలబడి పిల్లల ఆట చూసేది. ఆడపిల్లలు ఆ దుకాణం మెట్టెక్కేవాళ్లు కాదు. పేంటరు బిడ్డ కాబట్టి ఎవరూ ఏమనలేదు.

ఆట మొదలుకాగానే తెర మీద ఎనిమిది ముఖాలు వరసగా వచ్చేవి. దేశానికొక మనిషి. వాళ్లలో ఒకణ్ణి ఎంచుకొని మిగతావాళ్లను ఒక్కొక్కరినే కొట్టాలి. ఐదుగురు తెల్లవాళ్లు. ఒకడు తెల్ల బట్టలు, నల్ల పట్టీ కట్టిన జపాన్ మనిషి. ఏడోవాడు ఒక నల్ల మనిషి. ఒంటి మీద చొక్కా లేదు, చేతికి తెగిన గొలుసు వేలాడుతుంటుంది. మిగతావాళ్లు గెలిస్తే ఏదో ఒక మాట అంటారు. అతను గెలిచినా ఓడినా గుర్రుమంటాడంతే. ఎనిమిదోవాడిది మన దేశం. తలపాగా, బక్క ఒళ్లు, చంకలో బుట్ట. బుట్టలోంచి పాములు తీసి విసిరేవాడు. ఓడిపోతే ముడుచుకొని ఆ బుట్టలోనే దూరేవాడు. అప్పుడు పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు.

ఆ పిల్లల్లో తెల్లనివాడు ఒక్కడు లేడు. కాలువలో ఈదీ, ఎండలో గోలీలాడీ మోకాళ్ల దాకా మసి పూసినట్టుండేవాళ్లు. అందరికీ ఆ తెల్లవాళ్లలోని పసుపు జుట్టు మనిషి, వాళ్ల మాటల్లో పచ్చజుట్టోడే కావాలి. పచ్చజుట్టు మనిషి నాది నాది అని తోసుకునేవాళ్లు. పాములోణ్ణి ఎవరూ ముట్టేవాళ్లు కాదు. పొరపాటున బటన్ నొక్కుకొని అతను వచ్చాడంటే ఆ పిల్లవాడి పని అయిపోయినట్టే, వెనకున్నవాళ్లంతా వెక్కిరించేవాళ్లు.

"బాపూ, గీళ్లల్ల మనోళ్లెవలు?" అని అడిగింది నా బిడ్డ.

భాయ్ కుర్చీలోంచే వేలు చూపించాడు. "గా పాములోడు బేటీ. హిందుస్థాన్‌ది."

తను తెరకు దగ్గరగా పోయి చూసింది. "గసొంటోళ్లు మనూర్ల ఎవలున్నరు?"

"ఎవలు లేరు."

"మరి మనోడెట్లయిండు?"

భాయ్ నా వైపు చూశాడు. నేను కాగితం వైపు చూశాను. అప్పుడే కరెంటు పోయి తెర ఆరిపోయింది. పిల్లలంతా భాయ్ మీద పడి తమ ఆట మళ్లీ ఇమ్మని గోల పెట్టారు. ఆ గోల ఆయనకు రోజూ ఉండేదే.

గీసుకోవడానికి అంత దగ్గరగా చూశాను కాబట్టి నాకొకటి తెలిసింది. ఆ నల్ల మనిషికీ, పాములోడికీ ఒంటి మీద ఉన్నది ఒకటే రంగు. ఒకే గోధుమ రంగు, చుక్క తేడా లేదు. మిగతా ఆరుగురిలో మాత్రం ఒకడు పాలిపోయి, ఒకడు ఎర్రగా, ఇంకొకడు ఎండ తగిలినట్టుగా, ఎవరి ఛాయ వారికి ఉంది. ఎక్కడో కూర్చొని ఆ బొమ్మలు చేసిన మనిషి మీద నాకు కోపం రాలేదు. వాడూ నాలాగే అలసిపోయి ఉంటాడనిపించింది. ఆరుగురికీ ఓపిగ్గా కలిపి, చివర్న ఈ ఇద్దరికీ ఒకే డబ్బా మూత తీసి ఉంటాడు.

షట్టర్‌కు నీలం వేసి, మీద బొమ్మలు మొదలుపెట్టాను. ఆరుగురయ్యాక భాయ్ వచ్చి నిలబడ్డాడు.

"గా ఇద్దర్ని ఇడిచిపెట్టు పేంటర్ సాబ్. లోపల్నే ఎవలు ముడ్తలేరు, బయట ఎవలు సూస్తరు?"

"జాగా మిగుల్తది భాయ్."

"మిగిలితె మిగలని. ఏదన్న మంట బొమ్మ ఏస్కో."

కుడిపక్కన మనిషెత్తు జాగా నీలంగా మిగిలింది. నిప్పులు వేద్దామని ఎరుపు డబ్బా తీశాను. మెట్టు మీద కూర్చొని నన్నే చూస్తున్న నా బిడ్డ అంది, "తాతను పెట్టు బాపూ."

"తాత కొట్లాడడు కద."

"చేతుల కట్టె ఉంటది కద."

నేను నవ్వలేదు. నవ్వడానికి కూడా వంగి ఉన్న నడుము నిటారు చెయ్యాలి. కానీ ఎరుపు డబ్బా మూత మళ్లీ పెట్టేశాను. సుద్దముక్కతో ముందు గొంగడి గీశాను, భుజం మీద మడత పెట్టుకొని ఉన్నట్టు. తర్వాత పైకెత్తిన కట్టె, మోకాళ్ల పైకి కట్టిన ధోవతి, ముందుకు వంపు తిరిగిన తోలు చెప్పులు. ముఖం కోసం ఎక్కడా చూడాల్సిన పని లేకపోయింది.

రంగు దగ్గర చిక్కొచ్చింది. నలుపు, ఎరుపు, కొంచెం పసుపు కలిపి అట్ట ముక్క మీద పూసి నా మోచేతి పక్కన పెట్టుకొని చూశాను. మొదటిది బూడిదలా వచ్చింది. తర్వాతది కాల్చిన ఇటుకలా వచ్చింది. నా బిడ్డ తన చెయ్యి కూడా తెచ్చి అట్ట పక్కన ఆనించింది. "ఇంకింత ఎరుపు," అంది ఒకసారి. "ఎక్కువయింది," అంది ఇంకోసారి. పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి కలిసింది. ఇన్నేళ్ల పనిలో నా ఒంటి రంగు నేను కలపడం అదే మొదలు. ఉత్సాహం రావాల్సిన చోట నాకు భుజాలు మరింత బరువెక్కాయి. ఎన్ని గోడలు, ఎన్ని బోర్డులు వెనక పడి ఉన్నాయో ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి.

సాయంత్రం భాయ్ వచ్చి చూశాడు.

"ఎవలు గీ ముసలాయన?"

"ఫైటర్."

"ఏడి ఫైటర్?"

"కోస్గి."

భాయ్ కూడా అలసిన మనిషే. పొద్దంతా కరెంటుతో, పిల్లలతో, పిల్లల్ని చెడగొడుతున్నావని తిట్టే తల్లిదండ్రులతో వేగేవాడు. నా ముఖం చూసి, షట్టర్ చూసి, "ఉండనియ్," అన్నాడు.

మరునాటి నుంచే అడగడం మొదలైంది. లోపలికొచ్చిన పిల్లలు తెర మీద ఎనిమిది ముఖాల్లో గొంగడి మనిషిని వెతికారు. లేకపోయేసరికి భాయ్‌ను అడిగారు. భాయ్ చేతిలో ఉన్న తాళంచెవుల గుత్తిని తిప్పుతూ, "నాకేం తెల్సు, ఆడి సూడుండ్రి," అన్నాడు. ఆ ఒక్క మాట చాలింది. ఒక్క ఆటలో అందర్నీ కొట్టినవాడికి చివర్న గొంగడి తాత వస్తాడని పిల్లల్లో పాకింది. ఎవరు మొదలుపెట్టారో తెలీదు. కాలువ పక్క ఊళ్ల నుంచి కూడా సైకిళ్ల మీద వచ్చి ఆడారు.

నేను ఎదురుగా ఎరువుల దుకాణం బోర్డు రాస్తూ ఆ ముచ్చటంతా చూశాను. దుకాణం బయట, వంతు రాని పిల్లలు వీధిలోనే కొట్లాట ఆడుకునేవాళ్లు. అంతకుముందు అక్కడ కూడా అందరూ పచ్చజుట్టోళ్లే. ఇప్పుడు తువ్వాలు మడిచి భుజం మీద వేసుకొని, చేతిలో కట్టె పట్టుకొని, "నేన్ గొంగడి తాత," "లే, నేను, నువ్ నిన్న అయినవ్," అని కలబడుతున్నారు. మా నాయిన కావడానికి పిల్లలు కొట్లాడుతున్నారు! ఎరువుల దుకాణం వాడు కేకేస్తే మళ్లీ బోర్డు వైపు తిరిగాను.

అది ఎక్కువ రోజులు సాగలేదు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలాలు కొనుక్కున్నవాళ్ల అబ్బాయి ఒకడు ఉండేవాడు, ఇంటర్ చదివేవాడు, చేతివేళ్లు చురుకు. ఒకరోజు అతను ఒక్కొక్కణ్ణే కొట్టుకుంటూ చివరిదాకా పోయాడు. దుకాణం ఊపిరి బిగపట్టుకొని చూసింది. చివరివాడు కూడా పడిపోయాడు. తెర మీద సముద్రం వచ్చింది. పచ్చజుట్టోడు ఒక తెల్ల అమ్మాయి చెయ్యి పట్టుకొని ఒడ్డున నిలబడ్డాడు. ఇంగ్లీషు అక్షరాలు పైకి పాకుతూ పోయాయి. అవీ అయిపోయాక తెర నల్లబడి, మళ్లీ మొదటి ఎనిమిది ముఖాలు వచ్చాయి.

"ఏడి తాత?" అన్నాడు ఒక పిల్లవాడు.

ఇంటర్ అబ్బాయి నన్ను బయట చూసి, "లేనోణ్ణి ఎందుకేశారండీ?" అని అడిగాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు. అంతలోనే లోపల "మోసం, మోసం" అని గోల మొదలైంది. ఎవడో డబ్బాను తన్నాడు. ఇంకెవడో హ్యాండిల్ పట్టుకొని గుంజాడు. అది విరిగి భాయ్ కాళ్ల దగ్గర పడింది.

మరునాడు పొద్దున్నే భాయ్ మా ఇంటికొచ్చాడు. చాయ్ ఇస్తే తాగాడు. "నీ మీద నాకేం గుస్సా లేదు పేంటర్ సాబ్," అన్నాడు. "గని రోజు వందసార్లు చెప్పుడు నాతోని కాదు. లేడు బిడ్డా, లేడు, ఉట్టి బొమ్మ అని. నోరు నొస్తాంది. తీసెయ్యి."

తీసేస్తానన్నాను. నీలం డబ్బా మూత కూడా తీశాను, పూత మాత్రం రేపు రేపనుకున్నాను. కానీ ఆ వారంలోనే నాయిన వచ్చాడు.

మందను కాలువ కింద ఒక రైతు మడిలో ఆపి, ఎప్పట్లాగే గడప దగ్గర కూర్చొని నీళ్లు తాగాడు. కాళ్లు పగిలి ఉన్నాయి. నా బిడ్డ ఆయన చెయ్యి పట్టుకొని, "నీ బొమ్మ సూపిస్త దా తాతా," అని లాక్కుపోయింది. వద్దన్నా ఆగలేదు. నేనూ వెనకే నడిచాను.

మధ్యాహ్నం కాబట్టి షట్టర్ సగం దించి ఉంది. భాయ్ నాయినను చూశాడు, షట్టర్‌ను చూశాడు, ఏమీ అడగకుండా షట్టర్ పూర్తిగా కిందికి దించాడు, బొమ్మ మొత్తం కనిపించేటట్టు. నాయిన తన ముందు తానే నిలబడి ఉన్నాడు. గొంగడి భుజం మార్చుకున్నాడు.

"గింత నల్లగున్ననా నేను?" అన్నాడు.

"అవు తాతా," అంది నా బిడ్డ. "మంచిగున్నవ్."

ఆయన మిగతా ఆరుగురినీ చూశాడు. పిడికిళ్లు, తన్నడానికి లేపిన కాళ్లు, వంకరగా తిరిగిన మూతులు.

"గీళ్లందరు ఏం జేస్తున్నరు?"

"కొట్లాడ్తున్నరు నాయినా. గది ఆట," అన్నాను.

"మరి నన్నెందుకు నిలబెట్టినవ్ గీళ్ల నడుమ? నేనెన్నడన్న ఎవల్నన్న కొట్టిన్నా?"

ఆయన గొంతులో నిష్ఠూరం లేదు, బాగా నడిచి వచ్చిన మనిషి గొంతు అది. భాయ్ షట్టర్ ఎత్తి, "లోపల్కి రాండ్రి పెద్దాయనా, ఫ్యాన్ కింద కూసోండ్రి," అన్నాడు. హ్యాండిల్ అప్పటికి బాగు చేయించాడు. నా బిడ్డను ఆడమన్నాడు. తను ఏడో ముఖాన్ని ఎంచుకుంది. తాతకు చూపించాలని ఎందుకో అతన్నే ఎంచుకుంది. నల్ల మనిషి గుర్రుమంటూ తెర మీదికి వచ్చాడు, గొలుసు ఊగుతూ ఉంది.

నాయిన ముందుకు వంగి చూశాడు. "ఆయిన్ని ఎవలు కట్టేసిండ్రు?"

"ఎవలు కట్టెయ్యలే తాతా, తెంపుకున్నడు."

"ముందుగాల ఎవలో కట్టేస్తెనే కద, తెంపుకున్నడు."

నా బిడ్డ వెనక్కి తిరిగి నన్ను చూసింది. అలా చూస్తుండగానే వెనక తెర మీద తను ఆడుతున్న మనిషి దెబ్బలు తిని పడిపోయాడు. నాకు తెలిసినంతలో ఏదో చెప్పాలని చూశాను. నాకు తెలిసింది చాలా తక్కువ. వెనకటి కాలంలో అట్లాంటోళ్లను ఓడల మీద పట్టుకపోయి అమ్ముకున్నారట అన్నాను. నాయిన "అమ్ముకున్నరా," అన్నాడు. ఫ్యాన్ గాలికి కాసేపు కళ్లు మూసుకున్నాడు.

పోయేముందు షట్టర్ దగ్గర ఆగి అన్నాడు. "నన్ను తీసెయ్యి బిడ్డా. తీసెయ్య బుద్ధి కాకుంటె గొర్లనన్న పెట్టు. మంద ఇడిచి వచ్చినోని తీర్గ ఉన్న."

తీసెయ్యబుద్ధి కాలేదు. మరునాడు పొద్దున దుకాణం తెరవకముందే ఆయన కాళ్ల చుట్టూ గొర్రెలు వేశాను. రెండు నల్లవి, ఒక మచ్చలది, ముందు ఒక పిల్ల. గొర్రెపిల్ల వచ్చేసరికి చేతికి కాస్త హుషారు వచ్చిన మాట నిజం. చేతిలోని కట్టె కూడా, కొట్టడానికి ఎత్తినట్టున్నదాన్ని నేలకు ఆనించి దిద్దాను.

భాయ్ వచ్చి చూసి తల గోక్కున్నాడు. పిల్లలు వచ్చారు. ఒకడు గొర్రెను చూసి మేకలాగా అరిచాడు, అందరూ నవ్వారు. "అరే, గీయిన గొర్లు కాసెటాయన," అన్నాడు ఇంకొకడు. అంతే. ఆ రోజు నుంచి గొంగడి తాత ఏడి అని లోపల ఎవరూ అడగలేదు. మోసం అని ఎవరూ అనలేదు. వీధిలో తువ్వాళ్లు భుజాల మీది నుంచి దిగిపోయాయి. భాయ్‌కు నోరు నొప్పి తప్పింది. "మంచి పని చేసినవ్ పేంటర్ సాబ్, ఇగ ఉండనియ్," అన్నాడు.

నా బిడ్డ ఒక్కతే ఒప్పుకోలేదు. "గొర్లెందుకేసినవ్ బాపూ? గిప్పుడు తాతను ఎవలు ఆడరాయె," అంది. మా నాయినను మా నాయినలాగా వేశాను. అట్లా వేశాక ఆయన ఆటలోంచి బయటికొచ్చేశాడు. తను మళ్లీ అడగలేదు. ఇంకొన్నాళ్లు దుకాణానికి వచ్చి ఎవరూ ముట్టని ఆ ఇద్దరితోనే ఆడింది. ఒకసారి పాములోడితో పచ్చజుట్టోణ్ణి పడగొట్టిందని భాయ్ చెప్పాడు. నేనప్పుడు వేరే ఊళ్లో గోడ రాస్తున్నాను. పై తరగతికి పోయాక తనంతట తానే అటు పోవడం మానేసింది.

వానలు మొదలయ్యే ముందు నాయిన మందతో వెనక్కి మళ్లాడు. దారిలో బజారు మీదుగా పోయాడట. గొర్రెల్ని చూశాడా అని నేను భాయ్‌ను అడిగాను. చూశాడనీ, నిలబడలేదనీ, మంద నడుస్తుంటే ఆగడం కుదరదు కదా అనీ అన్నాడు భాయ్.

ఒకటి రెండేళ్ల తర్వాత కొట్లాట డబ్బా పాడైంది. బాగుచేసేవాడు హైదరాబాద్ నుంచి రానన్నాడు. భాయ్ దాన్ని చౌటుప్పల్‌లో ఎవరికో ఇచ్చేసి, బదులుగా కార్ల పందెం డబ్బా తెచ్చాడు. కుర్చీలో కూర్చొని స్టీరింగ్ తిప్పే ఆట. అందులో మనుషులే లేరు. పిల్లలకు అది ఇంకా బాగా నచ్చింది. షట్టర్ మొత్తం తుడిచి కార్లు వెయ్యమన్నాడు భాయ్.

నిచ్చెన వేసుకొని నీలం రంగు అందుకున్నాను. ఆరుగురూ, మా నాయినా, గొర్రెలూ రెండు పూతల్లో పోయారు. నల్ల గొర్రెలు మాత్రం ఒక పట్టాన కప్పబడక మూడో పూత వెయ్యాల్సి వచ్చింది. ఆరాక ఎర్ర కారు ఒకటి, పసుపుది ఒకటి వేశాను. కార్లు తొందరగా అయిపోయాయి. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి అన్నం తిని పడుకున్నాను.